చలి అడవి నేలలో సూక్ష్మజీవులను చదవడం ఎలా: గుంత తవ్వడం నుంచి డీఎన్ఏ ఫలితాల దాకా

మా ఊళ్లో ఎండాకాలంలో రాలిన వేపాకు, తొలకరి పడ్డాక రెండు మూడు నెలల్లో కనిపించకుండా పోతుంది. చెదలు, వానపాములు, వేడి, తడి కలిసి దాన్ని మట్టి చేసేస్తాయి. అందుకే ఉత్తర స్వీడన్‌లో ఊమెయో దగ్గరి పైన్ అడవిలో మొదటిసారి నేలలోకి కత్తి దింపినప్పుడు నాకు వింతగా అనిపించింది. కత్తికి మట్టే తగల్లేదు. పైన పచ్చటి నాచు, దాని కింద గోధుమ రంగు సూదాకులు, ఇంకా కింద నలిగి నల్లబడి, కొబ్బరిపీచు చాపలా అల్లుకుపోయిన పదార్థం. దశాబ్దాల నాటి ఆకు అక్కడే పొరలు పొరలుగా ఉండిపోయింది.

ఆ చాపలో ఎవరు బతుకుతున్నారో, ఏం చేస్తున్నారో తెలుసుకునే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, స్వీడన్, ఫిన్లాండ్, నార్వే, కెనడా లాంటి చోట్లకు పైచదువుకు వెళ్లే మన పిల్లలు నా మనసులో ఉన్నారు. మనకు మట్టి నమూనా తీయడం బాగా వచ్చు. పొలంలో ఇంగ్లిష్ 'వి' ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల లోతు గుంత తీసి, పక్కనుంచి చెక్కి, పది చోట్ల మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకి తెస్తాం. పొలానికి అది సరైన పద్ధతే. దున్నిన నేల ఎలాగూ కలిసిపోయే ఉంటుంది. చలి అడవిలో అదే పని చేస్తే మాత్రం అడవిని అర్థం చేసుకునే అవకాశం ఆ నిమిషంలోనే పోతుంది. కారణం తెలియాలంటే ముందు ఆ నేల సంగతి చూడాలి.

ముందుగా: ఇది ఎలాంటి నేల?

ఉత్తరార్ధగోళంలో పైన్, స్ప్రూస్, ఫర్, లార్చ్ చెట్లతో పరుచుకున్న ఈ అడవులనే బడిలో టైగా అని, శృంగాకార అడవులు అని చదివాం. ప్రపంచంలోని అడవి విస్తీర్ణంలో ఇవి నాలుగో వంతుకు పైనే. స్వీడన్‌లో ప్రధానంగా రెండే జాతులు కనిపిస్తాయి, స్కాట్స్ పైన్, నార్వే స్ప్రూస్. చెట్ల రకాలు ఎంత తక్కువో, నేలలోని శిలీంద్రాల రకాలు అంత ఎక్కువ.

అక్కడి నేలను పోడ్జోల్ అంటారు. రష్యన్‌లో 'పోద్' అంటే కింద, 'జోలా' అంటే బూడిద. పైపొర ఎత్తి చూస్తే కింద నిజంగానే బూడిద చల్లినట్టు తెల్లటి ఇసుక పొర కనిపిస్తుంది. సూదాకుల నుంచి దిగే ఆమ్లాలు ఆ పొరలోని ఇనుము, అల్యూమినియాన్ని కడిగి కిందికి తోసేస్తాయి. అవి పేరుకున్న చోట తుప్పు రంగు పొర వస్తుంది. పైన ఉండే సేంద్రియ చాపలో పీహెచ్ నాలుగు చుట్టూ ఉంటుంది, అంటే నిమ్మకాయ పులిహోర పులుపుకు అంత దూరం కాదు. వానపాములు ఆ పులుపులో పెద్దగా బతకవు, చెదలు అసలే లేవు. కాబట్టి ఆకును కిందికి లాగి మట్టిలో కలిపేవాళ్లు లేరు. ఈ ఏడాది ఆకు పైన, నాలుగేళ్ల నాటిది దాని కింద, ముప్పై ఏళ్ల నాటిది ఇంకా కింద. అక్కడ లోతుకు వెళ్లడమంటే కాలంలో వెనక్కి వెళ్లడమే.

స్వీడన్‌లోని యేడ్రఓస్ దగ్గర ఒక పైన్ అడవిలో ఈ పొరలను విడివిడిగా పరీక్షించి, ఏ శిలీంద్రం ఎక్కడుందో చూశారు. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆకును కుళ్లబెట్టి బతికే శిలీంద్రాలు నాలుగేళ్ల లోపు రాలిన పైపై ఆకులోనే ఉన్నాయి. దాని కింద, బాగా మగ్గిన పొరల్లో మైకోరైజా శిలీంద్రాలదే రాజ్యం. మైకోరైజా అంటే చెట్టు వేరు కొనను తొడుగులా కప్పి, చెట్టు దగ్గర చక్కెర తీసుకుని బదులుగా నత్రజని, భాస్వరం ఇచ్చే శిలీంద్ర బంధం. ఆ పేరు పెట్టింది 1885లో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త. కొన్ని సెంటీమీటర్ల తేడాలో రెండు వేర్వేరు ప్రపంచాలు ఉన్నాయన్నమాట. వాటిని కలిపి నమూనా తీస్తే రెండూ అర్థం కావు.

మొదటి మెట్టు: ప్రశ్నను కాగితం మీద రాసుకోండి

'ఈ అడవిలో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయి?' అనేది ప్రశ్న కాదు. దానికి జవాబుగా వేల పేర్ల జాబితా వస్తుంది, దాంతో ఏం చేయాలో తెలియదు. పోల్చడానికి ఏదో ఒకటి ఉండాలి. చెట్లు కొట్టేసిన చోటుకూ నిలిచి ఉన్న చోటుకూ తేడా ఏమిటి? నత్రజని ఎరువు వేసిన ప్లాట్‌లో ఏ శిలీంద్రాలు తగ్గాయి? మంట వచ్చి పదేళ్లయిన చోట, వందేళ్లయిన చోట సేంద్రియ పొర ఎలా మారింది?

ప్రశ్నతో పాటు ఒక సంగతి ఇప్పుడే తేల్చుకోండి. ఒక ప్లాట్‌లో ఇరవై చోట్ల నమూనా తీసినా అది ఒక్క ప్లాటే. కొట్టేసిన అడవి ఒకటి, నిలిచిన అడవి ఒకటి తీసుకుని ఇరవై ఇరవై నమూనాలు పోలిస్తే, మీరు పోల్చింది రెండు చోట్లను మాత్రమే, చెట్లు కొట్టడం ప్రభావాన్ని కాదు. కనీసం నాలుగైదు కొట్టిన ప్లాట్లు, నాలుగైదు కొట్టని ప్లాట్లు విడివిడిగా కావాలి. ఫలితాలన్నీ వచ్చాక ఈ తప్పు తెలిస్తే దిద్దుకునే దారి ఉండదు.

రెండో మెట్టు: చోటు, అనుమతి, కాలం

స్వీడన్‌లో ఎవరి అడవిలోనైనా నడవొచ్చు, బెర్రీలు, పుట్టగొడుగులు కోసుకోవచ్చు. అది అందరికీ ఉన్న హక్కు. ఆ హక్కు చూసి మట్టి తవ్వడం మొదలుపెట్టకండి. తవ్వడానికి భూమి యజమాని అనుమతి కావాలి. పరిశోధన కోసమే నడిపే అడవులైతే పని తేలిక. ఊమెయోకు వాయవ్యంగా విందెల్న్ దగ్గర స్వర్ట్‌బేరియెట్, ఫిన్లాండ్‌లో హూతియాలా అలాంటివే. అక్కడ వాతావరణం, మంచు లోతు, నేల ఉష్ణోగ్రత ఏళ్ల తరబడి నమోదు చేసి ఉంచారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది పెద్ద ఆస్తి.

మట్టిని ఇండియాకు తెచ్చి పరీక్షిద్దామనుకుంటే, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద ముందుగానే అనుమతి తీసుకోవాలి. సూట్‌కేసులో పెట్టుకుని వచ్చే వస్తువు కాదు అది.

కాలం విషయంలో నా సలహా ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదలు. వేసవి మొదట్లో చెట్టు తన చక్కెరను కొత్త చిగుళ్లకు, కాండానికి ఖర్చు పెడుతుంది. వేసవి చివరికి వచ్చేసరికి వేళ్లకు, శిలీంద్రాలకు పంపేది జూన్‌తో పోలిస్తే చాలా రెట్లు పెరుగుతుంది. పుట్టగొడుగులు అప్పుడే విరగబూయడానికి కారణం ఇదే. జూన్‌లో ఒక ప్లాట్, ఆగస్టులో ఇంకో ప్లాట్ తీసి పోల్చితే మీకు కనిపించేది ప్లాట్ల తేడా కాదు, నెలల తేడా. అన్ని ప్లాట్లూ ఒకే వారంలో పూర్తిచేయండి. పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లకండి.

మూడో మెట్టు: గుంత తీసి, చేతులు కట్టుకుని చూడండి

నమూనా తీసే ముందు ప్లాట్ అంచున ఒక చిన్న గుంత తీయండి. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు చాలు. నాచును చుట్టలా చుట్టి పక్కన పెట్టండి, తర్వాత మళ్లీ పరవాలి. రంపపు పళ్లున్న కత్తితో ఒక గోడను నిలువుగా, శుభ్రంగా కోయండి. పలుగు, పార పనికిరావు, పొరలను చిందరవందర చేస్తాయి. బ్రెడ్ కోసే కత్తి అన్నిటికన్నా బాగుంది.

ఇప్పుడు తొందరపడకండి. పదిహేను నిమిషాలు గోడను చూడండి.

పైన నాచు. ఎర్రటి కాడ ఉన్న ఈకల్లాంటి నాచు కనిపిస్తే అది ప్లూరోజియం ష్రెబెరి అయి ఉండొచ్చు. ఆ నాచు ఆకుల సందుల్లో నోస్టాక్ అనే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా ఉండి, గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. మన వరి పొలాల్లో అజొల్లాలో ఉండే బ్యాక్టీరియాకు ఇది దగ్గరి చుట్టం. 2002లో వచ్చిన లెక్క ప్రకారం హెక్టారుకు ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు కిలోల నత్రజని. ఎకరాకు చూస్తే కిలో కూడా లేదు. మన దగ్గర నలభై ఐదు కిలోల యూరియా బస్తాలోనే ఇరవై కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. మనకు చిన్నదిగా కనిపించే ఆ అర కిలో, ముప్పావు కిలో మీద ఆ అడవి వందల ఏళ్లు బతుకుతుంది. నాచును చెత్తలా తీసి పారేయొద్దని అందుకే చెబుతున్నాను. అదీ ఒక పొరే.

నాచు కింద విడివిడిగా, ఆకారం చెడకుండా ఉన్న సూదాకులు. దీన్ని ఎల్ పొర అంటారు. దాని కింద విరిగి, ముక్కలై, తెల్లటి పసుపు పచ్చటి దారాలతో కుట్టినట్టున్నది ఎఫ్ పొర. ఆ కింద ఆకు ఆనవాలు లేకుండా, చేతివేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగా, ముదురు గోధుమ రంగు అంటుకునేది హెచ్ పొర. ఈ మూడూ కలిపి చాలా చోట్ల ఐదు నుంచి పది సెంటీమీటర్లే. తర్వాత బూడిద రంగు ఇసుక, దీనికి ఇంగ్లిష్ అక్షరం 'ఈ' (E) పేరు. దాని కింద తుప్పు రంగు బి పొర.

హెచ్ పొరకూ ఇసుకకూ మధ్య నల్లటి ముక్కలు కనబడితే ఆగండి. అది పాత మంట వదిలిన బొగ్గు కావచ్చు. సెనోకోక్కమ్ జియోఫిలమ్ అనే మైకోరైజా శిలీంద్రం కూడా నల్లటి గింజల్లాంటి గట్టి ముద్దలు చేస్తుంది. బొగ్గు ముక్కకు కోసుగా అంచులుంటాయి, కాగితం మీద రాస్తే గీత పడుతుంది. శిలీంద్రం ముద్ద ఆవగింజలా గుండ్రంగా ఉంటుంది, గీత పడదు. ఎఫ్ పొరలో పసుపు రంగు పోగుల చాప కనిపిస్తే పైలోడెర్మా అని అనుమానించొచ్చు. నోట్‌బుక్‌లో ప్రతి పొర మందం, రంగు, వేళ్లు ఎంత ఉన్నాయో రాసి, స్కేలు పెట్టి ఫొటో తీయండి.

మొదటి ఏడాది నేను ఈ మెట్టు వదిలేశాను. గొట్టం గుచ్చడం, సంచిలో వేయడం, ఇంకో చోటికి పరుగెత్తడం. మూడు రోజుల పని ఒక రోజులో అయిపోయిందని సంబరపడ్డాను. తర్వాత చూస్తే సగం సంచుల్లో సేంద్రియ పొరతో ఇసుక కలిసిపోయి ఉంది. ఎంత నష్టమో లెక్కేస్తే అర్థమైంది. సేంద్రియ పొర బరువు ఘనపు సెంటీమీటరుకు సుమారు 0.1 గ్రాము, ఇసుక పొరది సుమారు 1.2 గ్రాములు. ఐదు సెంటీమీటర్ల చాప, ఐదు సెంటీమీటర్ల ఇసుక కలిపితే బరువులో చాప వాటా ఎనిమిది శాతం కూడా ఉండదు. డీఎన్ఏ కోసం పావు గ్రాము తూస్తే అందులో చాప ఇరవై మిల్లీగ్రాములు, మిగతాదంతా ఇసుకే. అడవి ప్రాణమంతా ఉన్న పొరకు అంత చిన్న వాటా ఇచ్చాను. ఆ ఏడాది నమూనాలన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది.

నాలుగో మెట్టు: నమూనా తీయడం

అంచు పదును పెట్టిన స్టీలు గొట్టం తీసుకోండి, మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల వ్యాసం. నొక్కితే చాప అణిగిపోతుంది, కాబట్టి తిప్పుతూ కోసుకుంటూ దింపాలి. పైన కత్తితో గుండ్రంగా గాటు పెట్టి మొదలుపెడితే తేలిక. బయటికి తీశాక ట్రే మీద పడుకోబెట్టి, కత్తితో పొరల దగ్గర కోసి వేరుచేయండి. సెంటీమీటర్ల లెక్కన కాదు, పొర రంగు మారే చోట. రెండు పొరలు కలిసే దగ్గర అర సెంటీమీటరు పారేయడానికి వెనకాడకండి. దాన్ని కక్కుర్తిపడి ఏదో ఒక సంచిలో వేస్తే రెండు పొరలూ చెడతాయి.

ఒక ప్లాట్‌లో ఎనిమిది పది చోట్ల తీసి, ఒకే పొరకు చెందినవి ఒక సంచిలో కలపొచ్చు. పొరలను మాత్రం కలపకూడదు. చోటుకూ చోటుకూ కనీసం మూడు నాలుగు మీటర్లు ఉండాలి, ఎందుకంటే మైకోరైజా శిలీంద్రం ఒక్కటే రెండు మూడు మీటర్ల మేర పరుచుకుని ఉండొచ్చు. దగ్గర దగ్గరగా తీస్తే ఒకే జీవిని పదిసార్లు లెక్కపెట్టినట్టే. చెట్టు మొదలు నుంచి ఎంత దూరమో కూడా రాయండి.

ప్రతి నమూనా తర్వాత గొట్టాన్ని, కత్తిని తుడిచి డెబ్బై శాతం ఆల్కహాల్‌తో కడగండి. ఆల్కహాల్ జీవులను చంపుతుంది గాని వాటి డీఎన్ఏను చెరపదు. ప్లాట్ మారేటప్పుడు పలుచటి బ్లీచ్, ఆపై శుభ్రమైన నీళ్లు వాడండి. గ్లౌజులు మార్చండి. సంచి మీద ప్లాట్, పొర, తేదీ రాసి, అదే వివరంతో పెన్సిల్ చీటీ ఇంకోటి లోపల వేయండి. తడికి మార్కర్ రాత చెరిగిపోతుంది, పెన్సిల్ పోదు.

వెళ్లేముందు గుంతలో ఇసుక, ఆపై చాప, పైన నాచు అదే వరుసలో వేసి కాలితో మెల్లగా అదమండి.

ఐదో మెట్టు: గడియారం మొదలైంది

గొట్టం వేరును తెంపిన క్షణం నుంచి మైకోరైజా శిలీంద్రాలకు చెట్టు నుంచి తిండి ఆగిపోతుంది. ఇది ఎంత పెద్ద విషయమో చూపించిన ప్రయోగం ఉత్తర స్వీడన్‌లోనే జరిగింది. ఓహేడెన్ అనే చోట పైన్ చెట్ల బెరడును కాండం చుట్టూ ఉంగరంలా తీసేశారు. ఆకుల నుంచి వేళ్లకు చక్కెర వెళ్లే దారి తెగింది. ఐదు రోజుల్లో నేల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 37 శాతం దాకా తగ్గింది. ఒకటి రెండు నెలల్లో తగ్గుదల 54 శాతానికి చేరింది. 2001లో ఈ ఫలితం వచ్చాక నేల శ్వాస గురించిన ఆలోచనే మారిపోయింది. అప్పటిదాకా కుళ్లిపోతున్న ఆకు నుంచే ఎక్కువ వస్తుందనుకున్నారు. నిజానికి సగం, చెట్టు కొన్ని రోజుల కిందట గాలి నుంచి పట్టిన కార్బనే.

కాబట్టి మీ సంచిలోని మట్టి గంట గంటకూ మారుతోంది. ఐస్ ఉన్న డబ్బాలో పెట్టండి. డీఎన్ఏ కోసం తీసే భాగాన్ని వీలైతే అడవిలోనే డ్రై ఐస్ మీద గడ్డకట్టించండి. కుదరకపోతే అదే రోజు ల్యాబ్‌కు చేర్చి మైనస్ ఇరవైలో పెట్టండి. కణం అప్పుడు ఏ పనిలో ఉందో చెప్పే ఆర్ఎన్ఏ చూడాలంటే ద్రవ నత్రజని, మైనస్ ఎనభై తప్పనిసరి.

జల్లెడ సంగతి. ఇసుక పొరకు రెండు మిల్లీమీటర్ల జల్లెడ సరిపోతుంది. చాప పొరను దానిలోంచి దింపలేరు. నాలుగైదు మిల్లీమీటర్ల జల్లెడ వాడి, వేళ్లను చేత్తో ఏరండి. శ్వాస కొలిచే భాగాన్ని గడ్డకట్టించకుండా నాలుగు డిగ్రీల్లో ఉంచి, వారంలోపు వాడండి. గడ్డకట్టించి కరిగిస్తే చచ్చిన కణాలను బతికినవి తినేసి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగుస్తుంది.

ఆరో మెట్టు: చవకైన కొలతలు

ఇవి మన ల్యాబుల్లో చేసినవే, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తేమ 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు. సేంద్రియ పదార్థం 550 డిగ్రీల మఫుల్ ఫర్నేస్‌లో నాలుగు గంటలు కాల్చి. పీహెచ్‌కు చాప పొర నీళ్లు బాగా పీల్చుకుంటుంది, అందుకే ఒకటికి పది వంతుల నీళ్లు పోయండి, ఎన్ని వంతులో రాయండి. కార్బన్, నత్రజని నిష్పత్తి తప్పకుండా చేయించండి. మన పొలం మట్టిలో అది పది, పన్నెండు ఉంటే, ఈ చాపలో ముప్పై నుంచి యాభై మధ్య ఉండొచ్చు. ఆ ఒక్క అంకె చాలు అక్కడి జీవులు నత్రజని కోసం ఎంత పోటీ పడుతున్నాయో చెప్పడానికి. ఆ పోటీలో చెట్లు అమ్మోనియా, నైట్రేట్ కోసం ఎదురుచూడవు. అమైనో ఆమ్లాలను అలాగే లాక్కుంటాయని ఉత్తర స్వీడన్‌లో చేసిన ప్రయోగం 1998లో చూపించింది.

ఏడో మెట్టు: వేరు కొనలు కళ్లతో చూడండి

డీఎన్ఏ యంత్రాలు వచ్చాక చాలామంది ఈ పని మానేశారు. మీరు మానకండి.

ఏరిన సన్నటి వేళ్లను చల్లటి నీళ్లలో ఒక గంట నానబెట్టి, పళ్లెంలో పరిచి, స్టీరియో మైక్రోస్కోప్ కింద చూడండి. ఇరవై, ముప్పై రెట్లు పెద్దది చేస్తే చాలు. పైన్ వేరు కొనలు రెండుగా చీలి, చిన్న కవలల్లా కనిపిస్తాయి. వాటి మీద తెలుపు, పసుపు, వెండి రంగు, నలుపు తొడుగులు. నల్లగా, ముళ్ల పందిలా గట్టి పోగులు పొడుచుకొస్తే సెనోకోక్కమ్. ఆరోగ్యంగా ఉన్న అడవిలో తొడుగు లేని సన్న వేరు కొన దొరకడం చాలా అరుదు. చెట్టు నేలను ముట్టుకునేదే శిలీంద్రం ద్వారా అని అప్పుడు నమ్మకం కుదురుతుంది. రెండు వందల కొనలు లెక్కపెట్టి, రంగు, ఆకారం ప్రకారం గుంపులు చేసి, ప్రతి గుంపు నుంచి ఒకటి ట్యూబులో దాచండి. తర్వాత డీఎన్ఏ జాబితాలో పేరు చూసినప్పుడు అది మీకు తెలిసిన ముఖంలా అనిపిస్తుంది.

ఎనిమిదో మెట్టు: నేల ఊపిరి లెక్క

ఖరీదైన గ్యాస్ యంత్రం లేకపోయినా చేయొచ్చు. గాలి చొరబడని గాజు సీసాలో, పొడి బరువు లెక్కన పది గ్రాముల చాప మట్టి వేయండి. చిన్న గిన్నెలో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఇరవై మిల్లీలీటర్లు పోసి లోపల నిలబెట్టి మూత బిగించండి, మట్టి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను అది పీల్చుకుంటుంది. మట్టి లేని సీసా ఒకటి ఖాళీ పోలికగా పెట్టండి. పదిహేను డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచండి. తర్వాత బేరియం క్లోరైడ్ కలిపి, ఫినాఫ్తలీన్ వేసి, 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి, అంటే గులాబీ రంగు పోయేదాకా చుక్క చుక్కగా పోసి ఎంత పట్టిందో చూడండి. బేరియం క్లోరైడ్ విషం, చేతులకు గ్లౌజులు ఉండాలి, సింకులో పోయకూడదు.

ఉదాహరణకు ఖాళీ సీసాకు 18 మిల్లీలీటర్ల ఆమ్లం పట్టింది, మట్టి సీసాకు 13 పట్టింది అనుకుందాం. తేడా ఐదు. ఒక్కో మిల్లీలీటరు తేడాకు 0.6 మిల్లీగ్రాముల కార్బన్, అంటే మొత్తం 3 మిల్లీగ్రాములు. పది గ్రాములకు, రెండు రోజులకు పంచితే గ్రాముకు రోజుకు 0.15 మిల్లీగ్రాములు. ఇక్కడితో ఆగకండి. మీ మట్టిలో సేంద్రియ పదార్థం 80 శాతమే అయితే, గ్రాము సేంద్రియ పదార్థానికి దాదాపు 0.19 అవుతుంది. పొరలను పోల్చేటప్పుడు ఈ రెండో అంకె వాడాలి. లేకపోతే ఇసుక ఎక్కువున్న నమూనా బద్ధకంగా ఉన్నట్టు తప్పుగా కనిపిస్తుంది.

సీసాలో కొలిచేది చెట్టు నుంచి తెగిపోయిన నేల ఊపిరి అని గుర్తుంచుకోండి. ఓహేడెన్ ప్రయోగం చూపిన ఆ సగం ఇందులో చాలావరకు ఉండదు. దాన్ని చూడాలంటే అడవిలోనే పని చేయాలి. యాభై మైక్రాన్ల రంధ్రాలున్న నైలాన్ గుడ్డతో చిన్న సంచులు కుట్టి, ఆమ్లంతో కడిగిన ఇసుక నింపి, చాపకూ ఇసుక పొరకూ మధ్య పాతిపెట్టండి. ఆ రంధ్రాల్లోంచి వేరు దూరలేదు, శిలీంద్ర పోగులు దూరతాయి. లోపల తిండి లేదు కాబట్టి, దూరినవాటిలో ఎక్కువ భాగం చెట్టు తిండి మీద బతికే మైకోరైజావే. ఒక వేసవి ఉంచి తీస్తే ఇసుక రేణువులు తెల్లటి దారాలతో ముద్దలు కట్టి ఉంటాయి.

తొమ్మిదో మెట్టు: డీఎన్ఏ

గడ్డకట్టిన నమూనాను ఫ్రీజ్ డ్రయర్‌లో ఆరబెట్టి, బాల్ మిల్లులో మెత్తటి పొడి చేయండి. తూచేది చాలా కొంచెం కాబట్టి పొడి మెత్తగా లేకపోతే ఒక వేరు ముక్క మొత్తం ఫలితాన్ని మార్చేస్తుంది. చాప పొర నుంచి 50 నుంచి 100 మిల్లీగ్రాములు, ఇసుక నుంచి అర గ్రాము తీసుకోండి.

ఈ నేలలో అసలు తలనొప్పి హ్యూమిక్ ఆమ్లాలు, అంటే ఆకు మగ్గినప్పుడు వచ్చే ముదురు రంగు పదార్థాలు. డీఎన్ఏ ద్రవం లేత టీ రంగులో వస్తే అవి దిగాయని అర్థం. డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్‌ను ఇవి ఆపేస్తాయి. పీసీఆర్ పనిచేసిందని చూపే బ్యాండ్ (గీత) రాలేదని టెన్షన్ పడి మట్టి ఎక్కువ వేస్తే ఇంకా చెడుతుంది. పదింతలు నీళ్లు కలిపి పలుచన చేసి చూడండి, చాలాసార్లు వెంటనే పనిచేస్తుంది.

శిలీంద్రాలను గుర్తుపట్టడానికి వాటి డీఎన్ఏలో ఐటీఎస్2 అనే భాగం చదవాలి. దానికి జీఐటీఎస్7, ఐటీఎస్4 ప్రైమర్లు (నకలు ఎక్కడ మొదలవాలో చూపే పొట్టి డీఎన్ఏ ముక్కలు) వాడొచ్చు. బ్యాక్టీరియాకు, దానిలాగే కనిపించే మరో రకం ఏకకణ జీవులైన ఆర్కియాకు 16ఎస్ జన్యువులో వీ4 భాగం, 515ఎఫ్, 806ఆర్ ప్రైమర్లు. పీసీఆర్ చక్రాలు ఎంత తక్కువైతే అంత మంచిది. చక్రాలు పెరిగేకొద్దీ పొట్టి ముక్కలు పొడవాటి వాటిని మింగేస్తాయి. మట్టి వేయని ఖాళీ ట్యూబును మొదటి నుంచి చివరి దాకా నమూనాలా నడపండి, దానిలో ఏం వచ్చిందో చూడకుండా మిగతా ఫలితాలను నమ్మకండి. తెలిసిన శిలీంద్రాల డీఎన్ఏ తెలిసిన పాళ్లలో కలిపిన మిశ్రమం కూడా ఒకటి పెట్టండి.

ఆ నకళ్లను సీక్వెన్సింగ్ యంత్రంలో చదివించి, వచ్చిన డీఎన్ఏ వరుసలను శుభ్రం చేశాక, శిలీంద్రాలకు యునైట్, బ్యాక్టీరియాకు సిల్వా డేటాబేస్‌తో పేర్లు పెట్టండి. యునైట్‌ను నడిపేది ఎస్తోనియాలోని తార్తూ విశ్వవిద్యాలయం, ఉత్తర ఐరోపా అడవుల శిలీంద్రాలు అందులో బాగా ఉన్నాయి. 16ఎస్ జాబితాలో మొక్కల పత్రహరితానివి, మైటోకాండ్రియావి కూడా వస్తాయి. తీసేయండి.

పదో మెట్టు: జాబితాను ఎలా చదవాలి

బ్యాక్టీరియాలో ఎసిడోబ్యాక్టీరియా, ఆల్ఫాప్రోటియోబ్యాక్టీరియా, ఆక్టినోబ్యాక్టీరియా ముందు వరుసలో కనిపిస్తే ఆశ్చర్యం లేదు, పులుపు నేలల్లో అది మామూలే. శిలీంద్రాల్లో కార్టినేరియస్, రస్సులా, లాక్టేరియస్, సూయిలస్, పైలోడెర్మా లాంటి మైకోరైజావి హెచ్ పొరలో, ఆకును కుళ్లబెట్టే మైసీనా లాంటివి పైపొరలో రావాలి. తలకిందులుగా వస్తే ముందు లేబుళ్లు సరిచూసుకోండి.

ఇప్పుడు అందరూ జారే చోటు. డీఎన్ఏ జాబితా చెప్పేది వాటాలే, పరిమాణం కాదు. ఎరువు వేసిన ప్లాట్‌లో కుళ్లబెట్టే శిలీంద్రాల వాటా ఇరవై నుంచి నలభై శాతానికి పెరిగిందంటే అవి పెరిగాయా, మైకోరైజావి సగానికి పైగా చచ్చిపోయి వీటి వాటా పెద్దదిగా కనిపిస్తోందా? జాబితా ఒక్కటే చూసి చెప్పలేరు. శిలీంద్రాల కణపొరలో ఉండే ఎర్గోస్టెరాల్ కొలిచి, ఆ మొత్తాన్ని వాటాలతో గుణించి చూడండి. 

చచ్చిన వాటి డీఎన్ఏ కూడా మట్టిలో నిలిచి ఉంటుంది. 2016లో అమెరికా నేలల మీద వచ్చిన ఒక పరిశోధనలో సగటున నలభై శాతం డీఎన్ఏ బతికున్న కణాలది కాదని తేలింది. చెక్ దేశంలోని షుమావా స్ప్రూస్ అడవిలో డీఎన్ఏ, ఆర్ఎన్ఏ రెండూ చూసినప్పుడు, ఉన్నవాళ్ల జాబితా ఒకటి, పనిచేస్తున్నవాళ్ల జాబితా ఇంకొకటి. కొద్దిగానే కనిపించే జీవి పెద్ద పని చేస్తుండొచ్చు.

మైకోరైజా, కుళ్లబెట్టేవి అని రెండు గదులు చేయడంలోనూ జాగ్రత్త కావాలి. కార్టినేరియస్ మైకోరైజాదే, కానీ దానిలో కొన్ని జాతులు మాంగనీస్ పెరాక్సిడేజ్ ఎంజైములతో పాత సేంద్రియ పదార్థాన్ని విప్పి నత్రజని తీస్తాయి. నా అభిప్రాయంలో ఈ అడవుల కార్బన్ కథకు తాళంచెవి అక్కడే ఉంది. ఉత్తర స్వీడన్‌లో హోర్నావాన్, ఉద్దియౌరె సరస్సుల్లో చిన్న చిన్న దీవులున్నాయి. పెద్ద దీవులకు పిడుగుల మంట తరచుగా తగులుతుంది, చిన్నవాటిలో కొన్ని వేల ఏళ్లుగా కాలలేదు. 2013లో అక్కడి కొలతలు చూపించిందేమిటంటే, నేలలో నిల్వైన కార్బన్‌లో 50 నుంచి 70 శాతం పైనుంచి రాలిన ఆకుది కాదు, కింది నుంచి వేళ్లు, వాటితో ఉండే శిలీంద్రాలు తెచ్చినది. ఆ కార్బన్ ఉంటుందా గాలిలో కలుస్తుందా అనేది ఏ శిలీంద్రం అక్కడ ఉందనే దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. మీరు తీసే జాబితా దేనికి పనికొస్తుందని ఎవరైనా అడిగితే ఇది చెప్పండి.

చివరగా: మిగిలిన పొడి

ప్రతి నమూనాలో కనీసం సగం పొడి దాచండి. పొడిగా, చీకట్లో, సీలు చేసిన ట్యూబులో ఏళ్ల తరబడి ఉంటుంది. వరుసలను పబ్లిక్ ఆర్కైవ్‌లో పెట్టేటప్పుడు 'అటవీ నేల, 0 నుంచి 10 సెంటీమీటర్లు' అని రాసి వదిలేయకండి. అలా రాసిన నమూనాలు ఆర్కైవుల్లో ఎన్నో ఉన్నాయి, వాటిని ఎవరూ తిరిగి వాడలేరు. ఎల్, ఎఫ్, హెచ్, ఈ, బి లలో ఏదో రాయండి. దాని మందం, పీహెచ్, తీసిన తేదీ, ఆ రోజు నేల ఉష్ణోగ్రత, దగ్గరి చెట్టు జాతి, దానికి దూరం, గుంత గోడ ఫొటో జతచేయండి.